చాటింపు పడినాక నాగవేణి ఏ ఊరిది

జర్మనీలో ఒక ఆసుపత్రి నాగవేణికి ఉద్యోగం ఇచ్చింది. శుక్రవారం చెన్నైలో విమానం ఎక్కాలి. మంగళవారానికే ఆమెకు అన్నం సహించడం మానేసింది.

పలమనేరు పక్క టమాటా తోటల్లో కూలికి పోతూ, చిత్తూరులో నర్సు చదువు పూర్తిచేసుకున్న మనిషి. చంద్రగిరి దగ్గర ఒక పల్లెకు కోడలిగా వచ్చింది. తిరుపతిలో నైట్ డ్యూటీలు చేస్తూ, సెలైన్ సీసా ఖాళీ అయ్యేలోగా ఫోన్‌లో జర్మన్ మాటలు వల్లించుకునేది. ఆమెకు అన్నం సహించకపోవడానికి కారణం తోటి నర్సు వేసిన ఒక్క మాట: "రెండు దేశాలూ నిన్ను మా మనిషివే అని పన్ను పట్టుకుంటాయి మే."

ఆ దడతోనే మంగళవారం ఉదయం తిరుపతిలో ఆడిటర్ రామచంద్ర దగ్గరికి పోయింది.

"ఏందమ్మా, పెండ్లిచూపులకు వచ్చినట్టు బిగుసుకోని కూర్చున్నావు?" అన్నాడాయన. "మన పన్ను సంవత్సరం ఏప్రిల్లో మొదలు. ఇప్పుడు ఇంకా మే నెలే. ఉద్యోగానికని సగం ఏడాది గడవకముందే దేశం దాటి, ఊరికే వచ్చిపోతా ఉండకపోతే, ఈ ఏడాదికి నువ్వు ఈడుండే మనిషివి కాదు, నాన్ రెసిడెంట్‌వి. ఆ జీతం మీద పన్ను జర్మనీ వాళ్ళకే కడతావు."

"నా ఇల్లు, మొగుడు, బిడ్డ ఈడనే ఉండారు గదా సార్?"

"రెండు దేశాలూ మాదంటే మాదని పట్టుబడితే అప్పుడు సూస్తారు, ఇల్లు యాడుండాది, మనుషులు యాడుండారని. నీకిప్పుడు ఆ తగువు లేదు. బ్యాంకులో మాత్రం చెప్పి ఖాతా మార్పించుకో. పోయినాక కూడా ఈడుండే మనిషి మాదిరి నడపకూడదు."

"అంటే నేను ఈ ఊరిదాన్ని కాదా సార్?"

"పన్ను లెక్కకు కాదు" అని నవ్వాడాయన.

ఇంటికి వచ్చే బస్సులో 'పన్ను లెక్కకు' అన్నది యాడనో జారిపోయి, 'కాదు' అన్నదొక్కటే ఆమె చెవిలో మిగిలింది.

ఊళ్ళో దిగేసరికి తప్పెట మోగుతోంది. గంగమ్మ జాతరకు చాటింపు! వచ్చే వారం వేస్తారనుకున్నది ఈ వారమే వేసేశారు. చాటింపు పడిన రాత్రి నుంచి జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర అవతల పడుకోకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు. శుక్రవారం విమానం తప్పితే ఉద్యోగం తప్పినట్టే.

అత్త కుప్పమ్మ గడపలోనే ఎదురైంది. "ఇంగ యాడికి పోతావు మే? రేపు ఊర్లో ఒక గొడ్డు సచ్చినా నా కోడలి పేరే సెప్తారు."

"ఆస్పత్రోళ్ళు ఆగరత్తా."

"అమ్మోరు ఆగతాదా?"

భర్త మునిచంద్ర ఇద్దరి మధ్య నిలబడి చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. నాగవేణి పరుగున వీధి చివరికి పోయింది. చాటింపు వేసే చెంగయ్య అక్కడ తప్పెటను సెగకు కాచుకుంటున్నాడు.

"చెంగయ్య మామా, ఆ కట్టు నాకు తగలదు. నేను ఈ ఊరిదాన్ని కాదంట. ఆడిటరు సెప్పినాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. "ఊరు మార్చేదానికి కూడా ఆడిటరుండాడా అబ్బా!" అన్నాడు పక్కింటి ఎల్లప్ప. చెంగయ్య నవ్వలేదు.

"గట్టిగా సెప్పు మే. కాదా?"

"కాదు మామా."

"అయితే సూడు. ఊరోళ్ళు దాటకూడదు. పరాయోళ్ళు రాత్రికి ఈడ ఉండకూడదు. ఊరిదానివైతే జాతరదాకా ఉండు. కాదంటే పొద్దు గూకకముందే పో. రెండూ కావాలంటే కుదరదు."

శుక్రవారం దాకా బిడ్డను పక్కలో వేసుకుని పడుకోవచ్చని దాచుకున్న ఆశ ఆ మాటతో పోయింది. అన్న మాట వెనక్కి తీసుకుంటే విమానం పోతుంది. తీసుకోకపోతే ఇల్లు పోతున్నట్టుంది. నాగవేణి ఇంటికి వచ్చి పెట్టె సర్దుకుంది. తిరుపతిలో నర్సుల హాస్టల్లో తలదాచుకోవాలి. మునిచంద్ర ఆమెను దించి, రాత్రికి ఊరు చేరుకోవాలి. ఐదేళ్ళ కూతురు కొంగు పట్టుకుని, "నేనూ ఈ ఊరిదాన్ని కాదు, నేనూ వస్తా" అని ఏడుపు.

గడప దగ్గర కుప్పమ్మ ఆపింది. బొట్టు పెట్టి, పళ్ళెంలో ఆకువక్క, రవిక గుడ్డ పెట్టి చేతికిచ్చింది. వచ్చిపోయే ఆడవాళ్ళకు ఇన్నేళ్ళూ ఆ పళ్ళెం అందించింది నాగవేణే. ఆమెకు ఎవరూ ఇచ్చిన పాపాన పోలేదు. ఇంటి కోడలికి ఎందుకిస్తారు?

"ఇదేందత్తా?"

"పరాయి ఆడబిడ్డను ఉత్త చేతులతో పంపితే ఇంటికి మంచిది కాదు" అంది కుప్పమ్మ, ముఖం పక్కకు తిప్పుకుని.

నాగవేణి నోరు తెరిచింది. మళ్ళీ ఈ గడప తొక్కేది కోడలిగానో చుట్టంగానో తెలియలేదు. "పో..." అని అక్కడే ఆగిపోయింది.

కుప్పమ్మ గిరుక్కున తిరిగి ఆమె రెక్క పట్టుకుంది.

"అంతటితో ఆపగాకు మే. పోయొస్తాననల్ల. అను!"