తెరచాపకు తగిన గడ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో గాలికి ఏనాడూ కరువు లేదు, కరువంతా నీళ్ళకే. ఆషాఢం వచ్చిందంటే పడమటి నుంచి గాలి లేచేది. కప్పు మీద బండలు పెట్టుకోని వాళ్ళు తమ రేకుల్ని పక్క వీధిలో వెతుక్కోవలసిందే. మబ్బులు రావా అంటే, అవీ వచ్చేవి. మడకశిర కొండల మీదుగా నల్లగా కమ్ముకొచ్చి, మా నెత్తిన ఒక్క చినుకు రాల్చకుండా తూర్పుకు వెళ్ళిపోయేవి. మా నాయన తల్లిని మేము జేజి అనేవాళ్ళం. ఆమె వాకిట్లో నిలబడి వాటిని చూసి, "ఇవి ఎక్స్‌ప్రెస్ బస్సులు, మనూర్లో చెయ్యెత్తినా నిలబడవు" అనేది. ఇప్పుడు ఆ కొండల మీదే పెద్ద పెద్ద గాలిమరలు పాతారు, గాలికి గౌరవం వచ్చింది. అప్పట్లో అది మా కళ్ళలో దుమ్ము కొట్టడానికే పనికొచ్చేది.

ఆ ఏడు ఆషాఢానికి ముందే మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, గోవా నుంచి వచ్చాడు. అక్కడ సముద్రం ఒడ్డున ఒక హోటల్లో ఆయనకు పని. వానాకాలంలో సముద్రం పొంగుతుంది, తెల్లదొరలెవరూ రారు, హోటలు మూసేస్తారు. మాకు చెరువు కింద కొంచెం మడి ఉండేది. చెరువు నిండితే వరి నాటతారు, చిన్నాయన ఇక్కడే ఉండిపోతాడు, జేజి చూసిపెట్టిన పిల్లను చేసుకుంటాడు. నిండకపోతే మళ్ళీ గోవాకే. పెద్దవాళ్ళు పొయ్యి దగ్గర ఈ మాట అనుకుంటుంటే నేను విన్నాను. మా అమ్మా నాయనా పొద్దున్నే రోడ్డు పనికి పోతే దీపాల వేళకు గానీ రారు. నాతో మాట్లాడడానికి, నాతో పోట్లాడడానికి తీరిక ఉన్న మనిషి ఆ ఇంట్లో చిన్నాయన ఒక్కడే. ఆయన పోకూడదు. ఆ ఏడు నాకు కావలసిందల్లా అదే.

బస్సు దిగినప్పుడు ఆయన భుజాన ఒక పెద్ద చుట్ట ఉంది. జేజి అది చాప అనుకుని సంబరపడింది. తీరా విప్పితే నారింజ, పసుపు, నీలం చారలున్న గుడ్డ, మూడు మూలలది, మధ్యలో గాజులాంటి కిటికీ. రంగులు వెలిసిపోయి, ఒక మూల చిరిగి, చిన్నాయన చేతి కుట్లతో ఉంది. పట్టుకుంటే పెళపెళమనేది. అది తెరచాపట. దొరలు ఒక పలక మీద దాన్ని నిలబెట్టి, చేతుల్తో పట్టుకుని, నిలుచునే సముద్రంలో తిరుగుతారట. ఒక దొర గడ అలకు విరిగిపోతే, గుడ్డ పాతది, పారేయమన్నాడట. చిన్నాయన పారేయలేదు. ఆ హోటల్లో దొరలకు తెరచాపలు కట్టి ఇవ్వడమే ఆయన పని. ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదనుకోండి, అంట్లు తోముతాడనే అనుకున్నారు.

"దీనికి తగిన గడ ఒకటి కుదిరితే సాలు పాపా, మన చెరువులోనే ఎక్కిచ్చి చూపిస్తా" అన్నాడు నాతో.

ఆ మాట నా బుర్రలో ఇంకో రకంగా నాటుకుంది. గడ కుదిరితే చిన్నాయన మన చెరువులోనే తిరుగుతాడు, మన చెరువులో తిరిగేవాడు గోవాకెందుకు పోతాడు? చెరువులో నీళ్ళు లేవని నాకు తెలియక కాదు. రోజూ బడికి దాని మధ్యలోంచే నడిచిపోయేదాన్ని, నేల పెచ్చులు పెచ్చులుగా లేచి ఉండేది. కానీ వాన తేవడం నా చేతిలో లేదు, గడ తేవడం ఉంది.

మొదట కిత్తనార మాను ఈడ్చుకొచ్చాను. కంచెల్లో పెరిగే కిత్తనార పూత పూసి ఎండిపోతే నడిమి కాడ ఇంటికి వాసానికి పనికొస్తుంది. నిటారుగా, తేలిగ్గా ఉంటుంది. తెరచాప ముందంచున గొట్టంలాంటి సంచి కుట్టి ఉండేది. చిన్నాయన మానును అందులోకి దూర్చి, అడుగున తాడు వేసి గుంజాడు. తాడు బిగిసేకొద్దీ గుడ్డ మీది ముడతలు పోతాయని చూపించాడు. నేను పోతున్న ముడతల్నే చూస్తున్నాను, మాను పుటుక్కుమంది.

తరువాత సరుగుడు కట్టె. కొత్తగా కడుతున్న బడి గోడ దగ్గర పనివాళ్ళు ఎక్కి నిలబడే సారువలది, మేస్త్రిని బతిమాలి తెచ్చాను. మా ఊళ్ళో కట్టె మంచిచెడ్డలు చూడడానికి ఒకటే పద్ధతి. నేల మీద దొర్లిస్తారు. ఎగిరెగిరి దొర్లితే వంకర, సాఫీగా దొర్లితే మంచిది. దూలానికైనా బండికైనా అదే పరీక్ష. నా సరుగుడు సాఫీగా దొర్లింది, జేజి కూడా మెచ్చుకుంది. చిన్నాయన దాన్ని సంచిలోకి ఎక్కిస్తే గుడ్డంతా ముసలివాళ్ళ పొట్టలా ముడతలు పడింది. ఆయన గుడ్డను నేల మీద పరిచి, ముందంచు వెంబడి ఒంటి కన్ను మూసి చూడమన్నాడు. చూశాను. అంచు తిన్నగా లేదు, పైకి పోయేకొద్దీ వెనక్కి వంగి ఉంది. వంగే గడను మనసులో పెట్టుకుని కుట్టిన గుడ్డ అది. గట్టి కట్టె కాదు, అడుగున లావుగా ఉండి కొనకు సన్నగిల్లుతూ, గుంజితే వంగి, వదిలితే నిలబడేది కావాలట. మేమంతా పుట్టినప్పటి నుంచి వంగని కట్టె కోసమే వెతికినవాళ్ళం, మాకెలా తెలుస్తుంది?

ఈసారి తెలిసే వెతికాను. ప్రార్థన కూటానికి వేసిన పందిరి విప్పుతుంటే కాచుకు కూర్చుని ఒక వెదురు తెచ్చాను. సన్నగిల్లింది, వంగింది, లేచింది. చిన్నాయన దాన్ని చాలాసేపు చేతుల్లో తిప్పాడు. "కణుపులు గరుకుగా ఉండాయి పాపా, సంచి సినిగిపోతాది. ఇంగోటి సూడు" అన్నాడు. చిత్రికపట్టి నున్నగా చేయొచ్చు కదా అంటే, వెదురు బలం పోతుందన్నాడు. సరేనని మళ్ళీ బయల్దేరాను. గాలి వీస్తూనే ఉంది, మబ్బులు పోతూనే ఉన్నాయి. పెద్దవాళ్ళు వాకిట్లో మాటలు మానేసి ఆకాశం చూసేవాళ్ళు. నాకు ఆకాశం చూసే తీరిక లేదు, నా చూపంతా ఎవరింటి చూరులో ఏ కట్టె ఉందా అనే.

చివరికి గడ ఒక మేకల కాపరి దగ్గర దొరికింది. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడే ముసలాయన. ఆయన దోటి ఊరంతటికీ తెలిసినదే, చివర కొడవలి కట్టిన పొడవాటి వెదురు. దానితో ఎత్తు కొమ్మలు కోసి మేకలకు వేసేవాడు. ఆ రోజు ఆయన మందను దారికి మళ్ళించి, దోటి కొనకున్న కొడవలిని విప్పుతూ కనిపించాడు. నేను అడగాలా వద్దా అని నీళ్ళు నములుతుంటే ఆయనే గడను నా వైపు తోశాడు.

"ఎత్తుకోని పో పాపా. దీనికి తగిలే ఆకు ఈ సుట్టుపక్కల యాడుండాది? తుంగభద్ర కాలవ పక్క పోతాండాము. ఈ కట్టెను మోసుకోని ఏం సేసేది?" అన్నాడు.

ఏళ్ళ తరబడి ఆయన అరచేతుల్లో నలిగి ఆ వెదురు కణుపులు కూడా నున్నగా అరిగిపోయాయి. నేను దాన్ని మోసుకుంటూ, ఎగురుకుంటూ ఇంటికి వచ్చాను. ఆయన వెళ్ళిపోతున్నాడన్న ఆలోచనే నాకు లేదు.

చిన్నాయన గడ మీద అరచెయ్యి ఈ కొస నుంచి ఆ కొస దాకా పోనిచ్చాడు. కణుపుల దగ్గర ఆగి, మళ్ళీ తడిమాడు. ఆయన ముఖంలో సంతోషం కోసం చూశాను. లేదు. "ఇంగ దీనికి వంక పెట్టేదానికి లేదు పాపా" అన్నాడు మెల్లగా.

ఆ సాయంత్రం చెరువు నడుమ తెరచాప కట్టాడు. కణుపులు ఎక్కడా తట్టుకోకుండా గడ సంచిలోకి జారింది. అడుగు తాడు గుంజితే గడ కొన వంగి, గుడ్డ ముడతలన్నీ ఒక్కొక్కటే విడిపోయాయి. రెండు వెదురు బద్దల్ని వంచి, అటొకటి ఇటొకటి కట్టి, పట్టుకునే కమ్మీ చేశాడు. దొరలకు కూడా ముందు ఇసుకలోనే నేర్పుతారట, నీళ్ళు తరువాతట. గట్టు మీద పోతున్న ఒకాయన నిలబడి, "ఏమప్పా, ఓడ తెచ్చినావు సరే, సముద్రం మరిసిపోయి వచ్చినావా?" అన్నాడు. చిన్నాయన నవ్వాడు. గడ అడుగును నేల చీలికలో నిలబెట్టి, కాలు అడ్డం పెట్టి, నన్ను కమ్మీ పట్టుకోమన్నాడు. నా చేతులకు ఇటూ అటూ ఆయన చేతులు.

గాలి వచ్చింది. అన్నాళ్ళూ కళ్ళలో దుమ్ము కొట్టిన గాలే, ఆ గుడ్డలో నిండగానే నన్ను చంకలో ఎత్తుకుని పోవాలని చూసింది. నా కాళ్ళు ఎండు పెచ్చుల మీద జర్రున జారాయి. కిటికీలోంచి చెరువంతా కనిపించింది, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. అప్పుడు తెలిసింది నాకు. గడ కుదిరింది, తాడు బిగిసింది, గుడ్డ నిండింది, గాలి ఉంది. ఇక లేనిది ఒక్కటే, అది నేను తేగలిగేది కాదు. అంతవరకూ తప్పంతా గడదే అనుకుంటూ బతికాను. ఆ క్షణాన ఇక ఏ తప్పూ దేనిమీదా వేయడానికి మిగల్లేదు. ఏడుపు తన్నుకొచ్చింది. చిన్నాయన కమ్మీ వెనక చెయ్యి వదిలాడు, గాలి గుడ్డను దాటి పోయింది, తెరచాప నేల మీదికి వాలింది. ఇద్దరం గుడ్డను మెల్లగా చుట్టాము.

చెరువు నిండలేదు, గోవాలో హోటలు తెరిచే రోజులు వచ్చాయి, రెండో రోజు ఉదయం బస్సుకు ఆయన వెళ్ళిపోయాడు. నేను గడపలో కూర్చుని మనుషులెవరినీ దగ్గరికి రానివ్వలేదు. జేజి వచ్చి పక్కన చతికిలబడి, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు చెప్పింది. "ఆ పందిరి వెదురే సరిపోతాదని నాతో సెప్పినాడు మే. మరి కట్టరాదా అంటే, ఎతకనీమ్మా, ఎతికేటప్పుడు పాప ఏడ్సదు అన్నాడు." నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరంతా తిప్పి నన్ను వెర్రిదాన్ని చేశాడా అని చాలా రోజులు ఆయన పేరెత్తితే మూతి ముడుచుకున్నాను. ఆయన అక్కడే పెళ్ళి చేసుకుని, ఎప్పుడో చుట్టంచూపుగా వచ్చి పోయేవాడు. తెరచాప మీద జేజి మిరపకాయలు ఎండబోసేది.

కోపం ఎప్పుడు పోయిందో గుర్తు లేదు. నాకు పిల్లలు పుట్టి, వాళ్ళకు నేను తీర్చలేని కష్టాలు వచ్చాక పోయి ఉంటుంది. వాన తెప్పించలేని మనిషి, ఉన్న మాట చెప్పి నన్ను ఆకాశం కింద కూర్చోబెట్టలేక, నా చేతికి ఒక పని ఇచ్చాడు. ఆ పని ఉన్నన్నాళ్ళూ నేను బాగున్నాను. అంతకంటే ఆయన మాత్రం ఏం చేయగలడు?

పోయినేడు మా ఇంటాయనను అనంతపురం ఆసుపత్రిలో చేర్చాము. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు మా కొడుకుతో చెప్పాడు, నాతో చెప్పలేదు. ఆ వార్డులో ఒక చిన్న నర్సమ్మ ఉండేది, నా మనవరాలి ఈడు. నేను మంచం పక్క కూర్చుని ఆయన ఊపిరి లెక్కబెట్టుకుంటుంటే వచ్చి, "అవ్వా, ఈ నీళ్ళు సల్లారినాయి, వేడివి తే" అనేది. తెస్తే, "దుప్పటి మందంగా ఉండాది, పల్సనిది తే అవ్వా" అనేది. అదీ తెచ్చాను. అప్పుడు, "తాతకు నిమ్మకాయ వాసన బాగుంటాదేమో, ఒకటి మంచిది సూసి తేపో" అంది. నేను ఆ పిల్ల ముఖంలోకి చూశాను. పందిరి వెదురును చేతుల్లో తిప్పుతున్న చిన్నాయన ముఖం అది.

సంచి తీసుకుని మెట్లు దిగాను. గేటు బయట బండి మీద నిమ్మకాయలు రాశిగా పోసి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి, నొక్కి, వాసన చూసి, పక్కన పెట్టి, ఇంకొకటి తీశాను. బండబ్బాయి విసుక్కున్నాడు. "ఏమవ్వా, ఒక్క కాయకు ఇంతసేపు ఎతకాల్నా?"

"ఎతకాలప్పా" అన్నాను.