మోటారు నీళ్లు

జూలూరుపాడులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ట్రాక్టర్ డ్రైవర్ చేతి కట్టులోంచి నెత్తురు కారుతోంది. ఏమైందని అడిగాను.

"తాబేలు కరిసింది సార్. ఎండకాలమంతా పొలంల మట్టి కింద పండుకుంటది, వాన పడితెనే లేస్తది. పొద్దున వరి నాట్లకు దమ్ము చేద్దామని మోటారు నీళ్లు పెట్టినం. వాన అనుకొని పైకొచ్చింది. దున్నుతుంటె ట్రాక్టర్ రోటవేటర్ బ్లేడ్లు దాన్ని రెండు ముక్కలు చేసినయ్."

"మరి కరవడమేంది?"

"తీసి గట్టు మీద పెడదామని వంగితే, తలకాయ ఉన్న ముక్క నా వేలు పట్టింది. పానం పోయేదాక వదల్లే. నేను గూడ గుంజుకోలే."

అడవి మొదలయ్యేసరికి తొలకరి దంచికొట్టింది. అందరూ గబగబా అద్దాలు మూశారు. అతనొక్కడే ఆ చేతిని కిటికీ బయట పెట్టాడు. కట్టు మీద నుంచి నీళ్లు ఎర్రగా కారుతుంటే చూస్తూ, "వాన ఇప్పుడొచ్చింది" అన్నాడు.