రెండో బంతి

ఉద్యమం రోజుల్లో బంద్ అంటే మా కోచింగ్ సెంటర్‌కు సెలవు కాదు. షట్టర్ సగం దించేవారు, మేము వంగి లోపలికి దూరేవాళ్లం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నినాదాలు, లోపల పరీక్ష.

అప్పుడు నాకు కావలసింది అక్కడి డేటాబేస్ ల్యాబ్‌లో అసిస్టెంట్ పని. ల్యాబ్ నడిపే సార్ ఒక్కటే షరతు పెట్టారు. బ్యాచ్ పేరు ఇస్తే, పొద్దున పరీక్షకు వచ్చినవాళ్లు, బంద్ వల్ల రాలేకపోయినవాళ్లు, రెండు పట్టికలూ ఒకే ప్రొసీజర్ నుంచి, అంటే డేటాబేస్‌లో రాసిపెట్టిన ఒకే ఆదేశాల కట్ట నుంచి రావాలి. సాయంత్రంలోగా చూపించాలి.

మొదట పేర్లన్నీ ఒక వేరియబుల్‌లో పట్టుకోబోయాను. చివరి పేరొక్కటే మిగిలింది. ఎర్రర్ కూడా రాలేదు. వచ్చిన ప్రతి పేరూ ముందున్నదాన్ని తుడిచేస్తోందని తెలిశాక, కోపం బదులు వింతగా అనిపించి మళ్లీ మళ్లీ నడిపి చూశాను. తర్వాత వేరియబుల్‌లో బ్యాచ్ పేరు మాత్రం ఉంచి, పట్టికలను బయటికి తీసే సెలెక్ట్ ఆదేశాలు రెండు విడిగా రాశాను. నా విండోలో రెండూ వచ్చాయి. వాటిని తెర మీద చూపే ప్రోగ్రాం రాసింది నా రూమ్మేట్, గుంటూరువాడు. అతని దగ్గర మాత్రం మొదటిదే.

"నువ్వు పంపిందే ఒకటిరా. రెండోది ఎక్కడుంది?"

"రెండూ పంపిన. నీకే కనిపిస్తలేదు."

"కళ్లజోడు పెట్టుకుంది నువ్వు, నేను కాదు."

మధ్యాహ్నం మెస్ కూడా బంద్. రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. ఉద్యమకారులు అక్కడే పొయ్యి పెట్టి, వచ్చినవాళ్లందరికీ వడ్డిస్తున్నారు. మేము వెళ్లేసరికి మొదటి బంతి లేస్తోంది.

"అయిపోయినట్టుంది, పద," అని రూమ్మేట్ వెనక్కి తిరిగాడు. తన యాస వింటే ఏమంటారోనన్న బెరుకూ ఉంది.

గరిటె పట్టుకున్న పెద్దమ్మ కేకేసింది. "యాడికి పోతున్నవ్ బిడ్డా? ఇంకో బంతి ఉన్నది. అడగకుంటనే పోతవా? ఏ ఊరోడివైతేంది, కూసో."

పప్పుచారు కలుపుకుంటూ అతను ఆగిపోయాడు. "ఒరేయ్, నా ప్రోగ్రాం కూడా ఇంతే! మొదటి పట్టిక తీసుకుని లేచి వచ్చేస్తోంది. ఇంకోటుందా అని అడగట్లేదు."

"తిన్నంక పోదాం, జర ఆగు," అన్నాను కానీ నేనూ గబగబా తినేసి లేచాను.

మళ్లీ షట్టర్ కింద దూరాం. తర్వాతి ఫలితానికి వెళ్లమని అతను తన ప్రోగ్రాంలో ఒక వరుస చేర్చాడు. రెండో పట్టిక వచ్చింది. ఎల్బీనగర్, వనస్థలిపురం నుంచి బస్సుల్లేక రాలేకపోయినవాళ్లంతా అందులో ఉన్నారు. సార్ ఆ పేర్లు చదువుతూనే ఫోన్ అందుకుని, మళ్లీ పరీక్ష పెడతామని ఒక్కొక్కరికీ చెప్పారు. చివరి ఫోన్ పెట్టేసి, ల్యాబ్ తాళాలు నా ముందుకు జరిపారు.

"రేపు గూడ బందేనంట. పొద్దుగాలనే రా. షట్టర్ సగమే ఎత్తు."