ఎర్రనీళ్ళ పెట్టె

కంప్యూటర్ క్యాబినెట్ కొనడంలో నేను చేసినంత తెలివితక్కువ పని మా ధర్మవరంలో ఇంకెవరూ చేసి ఉండరు. నీళ్ళంటే భయపడుతూనే, నీళ్ళు బయటికి కనపడేదాన్ని ఏరి మరీ తెచ్చుకున్నాను.

నేను పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. నేను కంప్యూటర్లో గీసినదాన్ని బట్టి జకార్డు అట్టలకు చిల్లులు పడతాయి, ఆ అట్టలు మగ్గమెక్కితేనే చీరకు అంచూ కొంగూ. ఇన్నేళ్ళుగా గీసినవన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. ఇంకోచోట కాపీ తీసిపెట్టుకునే బుద్ధి నాకు లేకపోయింది. మొన్నటి ఎండాకాలం ఆ పెట్టె వేడెక్కి, గీస్తుండగానే ఆరిపోవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే మా మామ మగ్గానికి ఒక పెళ్ళిచీర ఒప్పుకున్నాడు. పొద్దునా సాయంత్రమూ ఫోను.

"ఏమల్లుడా, ఆడ పెండ్లి దగ్గర పడతాండాది. ఈడ మగ్గం ఖాళీగా ఉండాది. నీ పెట్టె లేస్తుందా, లేదా?"

లోపలే నీళ్ళు తిరిగి చల్లబరిచే క్యాబినెట్లు హిందూపురంలో దొరుకుతాయని విని, పెట్టెను ఎత్తుకుని వెళ్ళాను. అంగడాయన రెండు చూపించాడు. ఒకదాంట్లో నల్లటి గొట్టాలు, అంతా మూసేసి ఉంది, నీళ్ళున్నట్టే తెలియదు. రెండోదానికి పక్కన అద్దం, అద్దం వెనక పారదర్శకమైన గొట్టాల్లో ఎర్రటి నీళ్ళు. మొదటిదే తీసుకోమన్నాడాయన, పెట్టుకుని మరిచిపోవచ్చట. మరిచిపోవడమే కదా నాకు చేతకానిది. కారితే కనపడాలి గదా అని రెండోదాన్ని పట్టుకున్నాను. మళ్ళీ మళ్ళీ అడిగాను, కారదు గదా అని. ఆయన ఓపిగ్గా కారదన్నాడు, పాత పెట్టెలోని సరుకంతా కొత్తదాంట్లోకి మార్చి ఇచ్చాడు.

ఇంటికి రాగానే ఆ గదిలోకి నీళ్ళచెంబు కూడా రాకూడదని అమ్మకు గట్టిగా చెప్పాను. లోపల లీటరు నీళ్ళు పోయించుకుని వచ్చినవాడు బయటి చెంబును చూసి అరవడం ఆమెకు వింతగానే తోచి ఉంటుంది. ప్లగ్గు అందక, ఎక్స్‌టెన్షన్ బాక్స్ కోసం నేను బజారుకు వెళ్ళొచ్చాను.

వచ్చి చూస్తే క్యాబినెట్ కింద బల్లమీద ఎర్రటి చుక్కలు.

నీరుగారిపోవడం అంటే ఏమిటో ఆరోజు తెలిసింది. తెల్ల టవలుతో అద్ది చూస్తే ఎర్రగా అంటింది. ఇన్నేళ్ళ మామిడిపిందెలూ నెమళ్ళూ హంసలూ ఆ నీళ్ళలో మునిగిపోయినట్టే అనిపించింది. అంగడికి ఫోను చేస్తే, ఆన్ చేయకుండా తెమ్మన్నారు. టవలును సాక్ష్యంగా సంచిలో పెట్టుకుని, పెట్టెను నిలువుగా ఒళ్ళో పట్టుకుని బస్సెక్కాను. కుదుపు వచ్చినప్పుడల్లా అద్దంలోకి చూస్తున్నాను. పెనుకొండలో ఎక్కిన పెద్దాయన పక్కన కూర్చుని, అదేమిటని అడిగాడు. కంప్యూటరన్నాను. మరి లోపల ఆ ఎర్రగా ఉండేదేమిటన్నాడు. నేను కాసేపు నీళ్ళు నమిలి, నీళ్ళే అన్నాను. ఆయన కొంచెం అవతలికి జరిగి కూర్చున్నాడు. ఇంతలో మామ ఫోను. నాకు ఎత్తడానికి ధైర్యం చాల్లేదు.

హిందూపురంలో అంగడాయన గొట్టాలూ అతుకులూ అన్నీ తడిమాడు. పెట్టెలోని చిన్న నీళ్ళతొట్టిలో మట్టం, తను నింపిన గీతకు వెంట్రుకంత కూడా తగ్గలేదు. టవలు అడిగి తీసుకుని వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ఏమప్పా, మీ ఇంట్లో దీనికి దిష్టి తీసినారా?"

అమ్మకు ఫోను చేశాను. కొత్తగా ఏ వస్తువు ఇంటికొచ్చినా పసుపూ సున్నమూ నీళ్ళలో కలిపి, ఆ ఎర్రనీళ్ళు తిప్పి వీధిలో పారబోయడం ఆమె అలవాటు. పళ్ళెం తిప్పేటప్పుడు నాలుగు చుక్కలు తొణికాయట.

"నీళ్ళు తేవద్దంటివి గదా నాయనా. చెప్తే అరుస్తావని చెప్పలా."

అంగడాయన నవ్వి ఊరుకుని ఉంటే బాగుండేది. పక్క అంగళ్ళవాళ్ళను పిలిచి టవలు చూపించాడు. ఆ వీధిలో నా పేరు దిష్టినీళ్ళాయన అయిపోయింది. కేబులు కొనడానికి వెళ్ళినా, పసుపు తెచ్చినావా అని అడిగేవాళ్ళు.

పెట్టె మాత్రం చల్లగా పనిచేసింది. మామ చీర పెళ్ళికి ముందే మగ్గం దిగింది. నేనూ డిజైన్లన్నిటికీ కాపీలు తీసిపెట్టుకున్నాను.

కొన్ని నెలలకు అంగడాయన కూతురికి పెళ్ళి కుదిరింది. చీర కోసం ధర్మవరం వచ్చి, ఎవరో చెప్తే మా మామ దగ్గరికే చేరాడు. అంచు గీసే పని నాకొచ్చింది. బంగారు మామిడిపిందెలు వరసగా వేశాను. ఒక్కో పిందె కింద, ఇప్పుడో ఇంకాసేపటికో రాలేటట్టు, ఒక్కో ఎర్రటి చుక్క పెట్టాను.

చీర తీసుకోవడానికి వచ్చినరోజు ఆయన అంచును వెలుతురులోకి తిప్పి చూశాడు. బాగుందన్నాడు. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"ఈ చుక్కలేందప్పా?"

"పాపకు దిష్టి తగలకుండా, అన్నా," అన్నాను.

ఆయన కాసేపు చుక్కల వైపు, కాసేపు నా వైపు చూశాడు. తర్వాత, ఎవరికీ చూపించకుండా, చీరను జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు.