లిఫ్టర్ కనపడని వీడియో

ఇవాళ పొద్దున్న పప్పులో పోపు పెడుతుంటే, ఫోన్ తనంతట తానే ఒక పాత వీడియో తీసి చూపించింది. రెండేళ్ళ కిందటి జ్ఞాపకమట. సినిమా పాట, మెరుపులు, నెమ్మదిగా గాల్లోకి లేచే ఒక పొడుగుపిల్ల. చూస్తూ నిలబడితే ఆవాలు మాడిపోయాయి. ఆ వీడియో అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

మొగల్తూరు దగ్గర ఇంటర్ కూడా ఉన్న మా ఊరి హైస్కూల్లోనే మా అమ్మాయి చదివేది, వాలీబాల్ ఆడేది. దానిది లిఫ్టర్ పని. వల దగ్గర నిలబడి బంతిని వేళ్ళ కొసలతో సుతారంగా పైకి లేపితే, స్మాషర్ ఎగిరి కొడుతుంది. చప్పట్లన్నీ కొట్టినవాళ్ళకే లెండి. ఆ స్మాషర్ దీని ప్రాణస్నేహితురాలు, సగం అన్నాలు మా ఇంట్లోనే తినేది. భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు ఆటగాళ్ళకి ఉచితంగా సీటిస్తారని, ఆట వీడియో పంపితే అక్కడ ఆటలు చూసే పీడీ గారు చూసి పిలుస్తారని తెలిసింది. మా ఆయనది రొయ్యల మేత కొట్లో గుమస్తా పని. మా పిల్ల ఇంజనీరింగ్ చదవాలంటే మాకు అదొక్కటే దారి.

వీడియో తీసే పని మా ఆయనే నెత్తినేసుకున్నారు. చుట్టాల పెళ్ళిళ్ళన్నిటికీ ఆయనే వీడియో. తలంబ్రాలు తప్ప మంత్రం చదివే పంతులు గారిని ఏనాడూ తీసిన మనిషి కాదు. మ్యాచంతా బంతి వెంట ఫోన్ తిప్పి, కత్తిరించి, పాట పెట్టి పంపించేశారు. తీరా చూస్తే ప్రతి ముక్కలోనూ స్మాషే. మా పిల్లవి ఓ మూల వేళ్ళు మాత్రం ఉన్నాయి. "ఏవండీ, మనమ్మాయేదండీ?" అంటే, "కొట్టేది చూస్తారు గానీ లేపేది ఎవరు చూస్తారే?" అన్నారు మహానుభావుడు.

వారం తిరక్కుండా పీడీ గారు ఫోన్ చేశారు. "మీ అమ్మాయి భలే కొడుతోందండీ!"

"ఆ అమ్మాయి మా పిల్ల కాదండీ, బంతి లేపేది మాది," అన్నాను.

"మీ అమ్మాయి కనపడే వీడియో ఏదైనా ఉంటే పంపండమ్మా. ఈలోగా ఆ పిల్ల నంబరిస్తారాండీ?"

పోటీలయిపోయాయి, పరీక్షలొచ్చాయి, ఇంకెక్కడి వీడియో? నంబరు మా అమ్మాయే చెప్పింది, తడుముకోకుండా. ఆ పూట అన్నం మాత్రం తినలేదు. వాళ్ళ నాన్న కంచం ముందు కూర్చుని చాలాసేపు మెతుకులు కెలికారు. ఆయన్ని కడిగేద్దామని ఎంత కోపంగా ఉందో, చూస్తే అంత జాలీ వేసింది.

సీటు ఆ స్నేహితురాలికొచ్చింది, మా అమ్మాయి నరసాపురంలో డిగ్రీలో చేరింది. ఏడాది తర్వాత ఆ స్నేహితురాలు ఫోన్ చేసి, స్పీకర్లో నేను వింటూండగానే ఏడ్చింది. "నీలా ఎవరూ లేపట్లేదే. కొట్టినవన్నీ వలకే తగులుతున్నాయి. ఊళ్ళో నీకు లిఫ్ట్ చేసినమ్మాయి ఇప్పుడు వస్తుందా అని మా పీడీ సార్ అడుగుతున్నారే."

మా పిల్ల తన వేళ్ళకేసి చూసుకుంది. "బంతి ముట్టుకుని ఏడాదైందే," అని మాట మార్చేసింది.

మా వయసులో ఏడాదంటే గోడ మీద క్యాలెండర్ మార్చడమే. పద్దెనిమిదేళ్ళ చేతులకి అది చాలా పెద్ద కాలం, అడగాల్సినవాళ్ళు అడిగేసరికి అవి ఆటని వదిలేసుకున్నాయి.