అద్దం మీద దుప్పటి

కత్తెర కన్నా నోరే ఎక్కువ ఆడిస్తాడని వీధంతా అతన్ని రేడియో అని పిలిచేది. ఎవరినో దాచాడన్న అనుమానంతో ఒక పొద్దున యూనిఫారాలవాళ్లు సెలూన్‌లోంచే పట్టుకుపోయారు. వదిలిపెట్టి ఏడాది కావస్తోంది. రేడియో తిరిగొచ్చింది గాని మోగడం మానేసింది.

వచ్చాక అతను చేసిన మొదటి పని సెలూన్ అద్దానికి దుప్పటి కప్పడం.

"అద్దం లేకుండా ఎలా కత్తిరిస్తావు బాబాయ్? నా చెవులు నాకు మిగులుతాయా?" అని నవ్వినవాళ్లు కూడా రెండోసారి రాలేదు. ఖాళీ కుర్చీ చుట్టూ అతను ఊడ్చిందే ఊడ్చేవాడు. చివరికి భార్యే చెయ్యి పట్టుకుని, చిత్రహింసలు పడ్డవాళ్లతో మాట్లాడే కౌన్సెలర్ అక్క దగ్గరికి తీసుకెళ్లింది.

అక్కడ ఒక పద్ధతుంది. అక్క ఏం చేసినా ముందు చెప్పే చేస్తుంది. "లేస్తున్నాను. కిటికీ తెరుస్తున్నాను. నీ వెనక నుంచి వెళ్లను."

"బాగానే ఉందమ్మా," అంది భార్య. "ఇంట్లో గిన్నె జారితే మంచం కిందికి దూరుతున్నాడు. ముందు చెప్పి పడమని గిన్నెకి ఎలా చెప్పను?"

చాలా వారాలకి అతను నోరు విప్పాడు. "నన్ను కొట్టేవాడు ఎప్పుడూ నా వెనకే నిలబడేవాడక్కా. ముఖం చూళ్లేదు. మెడ మీద ఊపిరి తగిలేది, అంతే. ఇప్పుడు అద్దంలో చూస్తే కుర్చీలో ఒకడు, వాడి వెనక ఒకడు. వెనకున్నవాడి ముఖం నాది. నేనే వాణ్ణి అయిపోయానేమో అక్కా."

ఆ తర్వాతి వారం అక్కే సెలూన్‌కి వచ్చింది. "దుప్పటి తీస్తున్నాను," అని చెప్పి తీసి, కుర్చీలో కూర్చుంది. "మెడ దగ్గర జుట్టు పెరిగింది. కత్తిరించు తమ్ముడూ."

అతను వెనక నిలబడి కత్తెర ఆనించాడు. ఎక్కడిదో ఊపిరి వినిపించింది, నెమ్మదిగా, తడిగా. గిరుక్కున తిరిగి చూశాడు. గోడ తప్ప ఏమీ లేదు. భయంతో ఊపిరి బిగబట్టాడు. అదీ ఆగింది. వదిలాడు. అదీ కదిలింది. అక్క మెడ మీది సన్న వెంట్రుకలు ఊగాయి.

"భయమేస్తోందా అక్కా?"

అద్దంలో ఆమె ముఖం పాలిపోయి ఉంది. "వేస్తోంది. అబద్ధమెందుకు చెప్పను? ఆపమంటే ఆపుతావా?"

"ఆపుతాను."

"అయితే ఆపు."

ఆ మాటే అతను యూనిఫారాలవాళ్ల దగ్గర గొంతు పోయేదాకా అరిచాడు. ఒక్కసారి కూడా ఎవరూ ఆపలేదు.

కత్తెర బల్ల మీద పెట్టేసి, అతను గోడ దాకా వెనక్కి జరిగాడు. అద్దంలోని మనిషీ జరిగాడు. వాడి చేతులు ఖాళీగా ఉన్నాయి. అతను చాలాసేపు వాటినే చూశాడు.

"ఇవి నావే అక్కా," అన్నాడు.