ఒకటి మంచం మీద, ఒకటి దండెం మీద

మా తోడికోడలు పోయింది. జనవరిలో, ఈ ఆస్ట్రేలియా నడివేసవిలో, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం పూట, కాన్‌బెర్రా శివారు హారిసన్‌లో వాళ్ల ఇంట్లోనే. పొద్దుటి నుంచీ ఆవిడ దగ్గరే ఉన్నాను. దేవుడి దగ్గర దీపం పెట్టి వద్దామని, రెండు వీధుల అవతల ఉన్న మా ఇంటికి వచ్చాను. వత్తి వెలిగించానో లేదో ఫోన్ మోగింది. వాళ్ల అమ్మాయి. "పిన్నీ, కమ్" అంది. అంతే. నేను వెళ్లేసరికి మా బావగారు మంచం పక్కన కుర్చీలో కూర్చుని, ఆవిడ పాదాల మీద దుప్పటి సర్దుతున్నారు. బయట వడగాలి కొడుతోంది. ఆయన సర్దుతూనే ఉన్నారు.

ఆవిడ నా భర్త అన్నగారి భార్య. నేను అక్కా అనేదాన్ని. చీరాల వైపు మనిషి, బట్ట చేతికి తగిలితే ఊరికే వదిలేది కాదు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఆవిడ చేసిన పూజలూ, పెట్టిన భోజనాలూ కాదు, ముందు దుప్పట్లే గుర్తొస్తున్నాయి.

నేను కాన్‌బెర్రా వచ్చింది గడ్డకట్టే చలికాలంలో. వచ్చిన వారమే అక్క నన్ను కొట్టుకి తీసుకెళ్లింది. ఇక్కడ దుప్పట్లూ తువ్వాళ్లూ అమ్మే చోటుని మాంచెస్టర్ అంటారు. ఆ బోర్డు చూసి, ఇంగ్లండు సరుకు కాబోలు, మనకెందుకని నేను వెనక్కి తగ్గాను. అక్క నా మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఒక్కొక్క తువ్వాలూ విప్పి దీపం వైపు ఎత్తి చూసేది. మణికట్టు లోపలి వైపు, చర్మం పల్చగా ఉండే చోట, ఆనించి కళ్లు మూసుకునేది. కొట్లో పిల్ల వచ్చి ఏం కావాలని అడిగితే నవ్వి పంపేసింది.

"ఇవి పెళ్లిచూపులు అమ్మాయ్" అంది నాతో. "కొట్లో అన్నీ మెత్తగానే మాట్లాడతాయి. ఉతికాక గానీ అసలు బుద్ధి బయటపడదు."

ఆవిడ ఇంట్లో ఏ మంచానికైనా రెండే జతలు. "ఒకటి మంచం మీద, ఒకటి దండెం మీద. మూడోది ఉంటే బద్ధకం వస్తుంది" అనేది. తువ్వాళ్లు మూడు మడతలు పెట్టేది, అంచులు లోపలికి పోయేట్టు. కొత్త బట్ట ఏదైనా సరే, మూల పసుపు బొట్టు పెట్టనిదే వాడనిచ్చేది కాదు. మాకు తెలిసిన ఇళ్లలో ఏ పిల్ల యూనికి, అంటే యూనివర్సిటీ చదువుకి, వెళ్తున్నా అక్క అడిగే మొదటి మాట ఒకటే: "పక్కబట్టలు ఎవరు చూశారు?" ఎవరూ చూడలేదంటే చెప్పులేసుకునేది. సిడ్నీకీ అడిలైడ్‌కీ వెళ్లిన ఎందరి పిల్లలో ఆవిడ మణికట్టు ఒప్పుకున్న దుప్పట్ల మీద పడుకున్నారు.

కిందటి చలికాలంలో జబ్బు బయటపడింది. అప్పటికే ఒళ్లంతా పాకింది. నవంబరు వచ్చేసరికి డాక్టర్లు మందుల మాట మానేసి నొప్పి మాట మొదలుపెట్టారు. ఉన్నది ఒక్క ఆడపిల్ల, పన్నెండో క్లాసు పరీక్షలు రాస్తోంది. ఆ పిల్లకి మెల్‌బోర్న్‌లో ఫార్మసీ సీటు వచ్చిందని తెలిసిన రోజు అక్క మంచం మీద లేచి కూర్చుంది.

"ఫిబ్రవరిలో నేనే వెళ్లి పక్క పరిచి వస్తా" అంది. "మూల ఎలా మడవాలో దీనికి రాదు. ఒక్కసారి పరిచి వచ్చేస్తా. ఆ తర్వాత ఏమైనా కానీ."

నేను కూడా దేవుణ్ణి అంతే అడిగాను. జబ్బు నయం చెయ్యమని అడగలేదు. ఫిబ్రవరి దాకా ఉంచమన్నాను, ఆ పక్క పరిచే దాకా.

క్రిస్మస్ ముందు రద్దీలో కొట్టుకి వెళ్లాం. ట్రాలీ తోస్తున్నట్టు దాని మీదే వాలి నడిచింది అక్క. పాప వద్దని గోల.

"మమ్, ఐ కెన్ జస్ట్ ఆర్డర్ ఆన్‌లైన్."

"ఆన్‌లైన్‌లో చెయ్యి పెట్టి చూస్తావటే? నడు."

పాప నల్లరంగు జత తీసింది. "దిస్ వన్. ఇట్ వోంట్ షో స్టెయిన్స్."

"కనపడకపోతే ఉతకవు. అందుకే వద్దు."

చివరికి లేత ఆకుపచ్చ మీద రాజీపడ్డారు. తువ్వాళ్ల దగ్గర మళ్లీ మొదలు. ఒంటికొకటి, తలకొకటి, కాళ్లకొకటి అని అక్క ట్రాలీలో వేస్తుంటే, "ఐ హావ్ వన్ బాడీ, అమ్మా" అంది పాప.

"ఉన్నది ఒకటే కాబట్టే చెబుతున్నా."

పక్కన సరుకు సర్దుతున్న ముసలాయనకి ఏం అర్థమైందో, ఆయన కూడా నవ్వాడు. అక్క బయట నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

ఇంటికి వచ్చాక తెలిసింది, మేం తెచ్చింది మామూలు సింగిల్ అని. ఒక మనిషి పడుకునే మంచం అంటే మాకు సింగిలే. కాలేజీ హాస్టల్లో మంచాలు దానికంటే పొడవూ వెడల్పూ ఎక్కువట, కింగ్ సింగిల్ అంటారట. నేను వెళ్లి మార్చుకొస్తానంటే అక్క వినలేదు. మర్నాడు మళ్లీ బయలుదేరింది. మార్చే చోట వరుస పెద్దదిగా ఉంటే, చూడ్డానికి పరిచి పెట్టిన మంచం మీద కూర్చుంది. కాసేపటికి చూస్తే దాని మీదే ఒరిగి నిద్రపోయింది. కొట్టు వాళ్లెవరూ లేపలేదు.

రెండు జతలూ నేనే ఉతికాను. మూలల పసుపు మాత్రం అక్క పెట్టింది. వేలు వణికి చుక్క కాస్తా గీత అయింది.

"దే విల్ థింక్ ఇట్స్ కర్రీ" అంది పాప.

"అనుకోనీ. ఎవరూ ఎత్తుకుపోరు."

కొత్త సంవత్సరం రాగానే ఇంటికి ఆసుపత్రి మంచం వచ్చింది, మీట నొక్కితే తల వైపు లేచేది. వాళ్ల మంచం దుప్పట్లు దానికి పెద్దవై, అక్క వీపు కింద ముడతలు పడి చర్మం ఎర్రబారింది. పాప మంచం దుప్పటి పొడవు చాలక, మంచం లేచినప్పుడల్లా మూల ఊడి వచ్చేది. ఇంటికి వచ్చే నర్సు చూసి, కింగ్ సింగిల్ ఏమైనా ఉందా అని అడిగింది.

పాప తన గదిలోకి వెళ్లి ఆకుపచ్చ జత తెచ్చింది.

"వద్దు" అంది అక్క. "అవి నీవి."

"ఇట్స్ జస్ట్ ఎ షీట్, అమ్మా."

అక్క నా వైపు చూసింది. "నువ్వన్నా చెప్పు అమ్మాయ్. అది పడుకోవలసిన బట్ట మీద నేను పోకూడదు."

నాకు తెలుసు. పోయిన మనిషి పక్కబట్టలు ఇంట్లో ఉంచుకోరు, అందులోనూ పిల్లలకి పెట్టరు. కానీ ఆ వీపు రోజూ తుడుస్తున్నదాన్ని, ఏమని చెప్పను? నర్సూ నేనూ ఆవిడని నెమ్మదిగా కుర్చీలోకి మార్చాం. పాప దుప్పటి దులిపి పరవడం మొదలుపెట్టింది. అక్క కళ్లు తుడుచుకుంటూనే, "ఆ మూల కాదే, ముందు తల వైపు. చెయ్యి కిందకి పోనీ. లాగు. ఇంకా లాగు" అంది. పాప లాగింది. ముడత లేకుండా వచ్చింది. అక్క దాన్ని చూసి, పడుకోబెట్టమని మా వైపు చేతులు చాచింది.

తర్వాత రోజూ దుప్పటి మార్చవలసి వచ్చింది. రెండో జత కూడా బయటికి వచ్చింది. తువ్వాళ్లూ వచ్చాయి, ఒంటిదీ తలదీ కాళ్లదీ. వాళ్ల పెరట్లో ఎప్పుడు చూసినా ఆకుపచ్చ దుప్పటి ఎండలో ఊగుతూ ఉండేది. ఒకటి మంచం మీద, ఒకటి దండెం మీద. ఆవిడ చెప్పినట్టే జరిగింది.

నేను పక్కన కూర్చుని విష్ణు సహస్రనామం చదివేదాన్ని. "చదువు చదువు, వింటున్నట్టే ఉంటా" అనేది, ఆ నీరసంలో కూడా. ఒకరోజు మధ్యలో ఆపింది. "నేను పోయాక ఇవి తీసెయ్. దానికి కొత్తవి కొను. నువ్వే ముట్టుకుని చూడు" అని, నా మణికట్టు మీద వేలితో చూపించింది, ఎక్కడ ఆనించాలో.

ఫిబ్రవరి రాలేదు. ఎందుకు ఉంచలేదని నేను దేవుణ్ణి అడగలేదు. దీపం రోజూ పెడుతున్నాను. ఇంక ఏమీ అడగడం లేదు, అంతే.

కర్మలకి సిడ్నీ నుంచి వచ్చిన పంతులుగారు, శయ్యాదానానికి కొత్త దుప్పటి, దిండు, తువ్వాలు తెమ్మన్నారు. పోయినవారికి దారిలో పడక కోసం ఇచ్చే దానం అది. నేను బయలుదేరుతుంటే పాప చెప్పులు వేసుకుని వచ్చి కారులో కూర్చుంది.

అదే కొట్టు, అదే వరుస. కాలేజీలు తెరిచే రోజులు కదా, ఎక్కడ చూసినా తల్లులూ పిల్లలూ. "మమ్, నో!" అని ఒక అమ్మాయి నవ్వుతూ అరుస్తోంది. పాప ఒక తువ్వాలు తీసి, విప్పి, దీపం వైపు ఎత్తింది. తర్వాత మణికట్టుకి ఆనించి కళ్లు మూసుకుంది. నేనెప్పుడూ నేర్పలేదు, వాళ్లమ్మ కూడా నేర్పి ఉండదు. చాలాసేపు చూసి అన్నిటిలోకీ మంచిది ఏరింది. దుప్పట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"పిన్నీ, వాట్ సైజ్?"

అక్కడే, ఆ మనుషుల మధ్యే, దుప్పట్ల అర పట్టుకుని నిలబడిపోయాను. పాపే కింగ్ సింగిల్ తీసి ట్రాలీలో వేసింది.

"నీకు కూడా తీసుకుందాం నాన్నా. అమ్మ కొనమంది" అన్నాను.

"నాకు ఉన్నాయి" అంది. ఎప్పుడూ ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, తెలుగులో.

"అవి వాడకూడదమ్మా."

"నాకు ఉన్నాయి పిన్నీ."

పాప మెల్‌బోర్న్ వెళ్లలేదు. సీటు వచ్చే ఏటికి మార్పించుకుందని బావగారు చెప్పారు. వచ్చే ఏడైనా వెళ్తావా అని అడిగితే, "డోంట్ నో" అంటుంది. బావగారు అడగడం మానేశారు. ఆయన ఆఫీసుకి వెళ్తారు, వస్తారు, టీవీ పెట్టి చప్పుడు తీసేసి కూర్చుంటారు. ఆ ఇంట్లో ఎవరినీ ఎవరూ ఏమీ అడగడం లేదు.

మంచం అద్దెకిచ్చినవాళ్లు వచ్చి పట్టుకుపోయారు. ఆ రోజు దుప్పట్లు తీసేద్దామని సంచి పట్టుకుని వెళ్లాను. ఉండవలసిన చోట లేవు. పాపని అడిగితే తల అడ్డంగా ఊపింది.

మొన్న పప్పూ అన్నం క్యారియర్లో పెట్టుకుని వెళ్లాను. మధ్యాహ్నం. గది తలుపు కొద్దిగా తీసి ఉంది. పాప గోడ వైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. కింద ఆకుపచ్చ దుప్పటి. చిన్నప్పటి మంచం కదా, దుప్పటి దానికి పెద్దది. తల వైపు మూలలు రెండూ లోపలికి దోపి, ముడత లేకుండా లాగి ఉన్నాయి, వాళ్లమ్మ చెప్పినట్టే. మిగిలిందంతా కాళ్ల వైపు కుప్పగా పడి ఉంది. ఆ కుప్ప మీద ఒక మూల పైకి తిరిగి ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు, వేలు వణికి గీత అయిన ఆ పసుపు.